చెరపని టేపులు

జూన్ 9, సోమవారం

తప్పు నీదే. ఉదయం క్యాంటీన్‌లో కూర్చుని క్యాంపస్ రేడియో విన్నావు. ఎండ ఎంతో విన్నావు, ఏ బస్సు ఆలస్యమో విన్నావు, ఎవరి క్లాసు రద్దయిందో విని లోలోపల సంబరపడ్డావు. చెబుతున్న మనిషి ఎవరని అడిగావా? అసలు బతికుందా అని అడిగావా? ఉత్తినే దొరికితే శవం మీది దుప్పటైనా లాక్కుని కప్పుకునే రకం నువ్వు.

ఎవరికీ చూపించని డైరీలో ఈ ‘నువ్వు’ ఎవరంటే నేనేం చెప్పను. ఎదురుగా ఒక మనిషి లేకపోతే నాకు వాక్యం కదలదు. పేపర్లకి వ్యాసాలు రాసీ రాసీ అంటుకున్న జబ్బు.

సంగతి రాస్తాను. సెలవుల తర్వాత ఇవాళే యూనివర్సిటీలోని మా మీడియా స్కూలు తెరిచారు. క్లాసుకి ఇంకా టైముందని క్యాంటీన్‌లోకి అడుగుపెట్టాను. మంచినీళ్ళ కూలర్ పైన స్పీకరులో మా అక్క మాట్లాడుతోంది. “నమస్కారం. ఈ రోజు విశేషాలు.”

మా అక్క పోయి రెండేళ్ళు.

“ఏంటక్కా” అన్నాను. పైకే అన్నాను. గల్లాపెట్టె దగ్గరున్న ఆవిడ తననే పిలిచాననుకుని “ఏం కావాలమ్మా” అంది. రెండు టీలు అన్నాను. రెండూ తెచ్చి ఎదురుగా పెట్టింది. రెండూ తాగాను. ఎండ బాగా ఉంటుందని, గొడుగు మరవొద్దని అక్క చెప్పింది. నా ఒళ్ళు మంచుగడ్డ.

క్లాసులో ఏం చెప్పానో గుర్తులేదు. డాక్యుమెంటరీలో నిజం అంటే ఏమిటి అన్నది పాఠం. ఏడ్చినట్టే ఉంది.

జూన్ 10

క్యాంటీన్‌కి వెళ్ళాను. టీ కోసం.

జూన్ 11, బుధవారం

డైరెక్టరు గదికి వెళ్ళాను. ఈయన ఒకప్పుడు ఎడిటింగ్ చెప్పేవాడు. అప్పుడు పిల్లలు పెట్టిన పేరు కత్తెర. ఇప్పుడు స్కూలంతా ఆయన చేతిలో ఉంది కాబట్టి ఫిల్ము బదులు కోర్సుల్ని కత్తిరిస్తున్నాడు. మొన్నటి మార్చిలో వాచకం కోర్సు మీద పడ్డాడు. రేడియోలో, టీవీలో వార్త ఎలా చదవాలో నేర్పే కోర్సు అది, ఈ స్కూలు పుట్టిందే దాంతో. అక్క పాఠం చెప్పింది అందులోనే, క్యాంపస్ రేడియోలో వార్తలు చదివిందీ ఆవిడే. ఆవిడ పోయాక ఆ కుర్చీలో ఎవరినీ వెయ్యలేదు. టీచరు లేరు కాబట్టి కోర్సు ఎత్తేస్తామన్నాడు. బావిలో నీళ్ళు తోడనివ్వకుండా తాడు దాచేసి, ఎవరూ వాడటం లేదు కాబట్టి పూడ్చేద్దాం అన్నట్టు.

ఇవాళ పద్ధతిగానే అడిగాను, ఆ గొంతు ఏమిటని. కత్తెర ఉత్సాహంగా లేచి నిలబడ్డాడు. ఏదో కంపెనీ వాళ్ళకి అక్క రికార్డింగులు ఇచ్చారట. వాళ్ళు యంత్రానికి ఆ గొంతు నేర్పారట. ఇక ఏ కాగితం పెట్టినా అక్క చదివేస్తుందట. స్కూలుకి యాభయ్యేళ్ళు నిండుతున్న సందర్భంలో ఇది ఆవిడకి నివాళి అట.

బతికున్నన్నాళ్ళూ మా అక్క కాంట్రాక్టు మీదే పనిచేసింది. ప్రతి ఏప్రిల్‌లోనూ ఉంటుందో ఊడుతుందో తెలియని ఉద్యోగం. చచ్చిపోయాక పర్మనెంటు చేశారు. ఈ మాటే ఆయనతో అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. నొచ్చుకుంటే బాగుండేది.

నోటికొచ్చినవన్నీ వాడాను. శ్రమ, దోపిడీ, సమ్మతి, చచ్చినవాళ్ళ హక్కులు. ఎవర్ని అడిగి చేశారు ఈ పని అన్నాను.

“అడగాల్సిన వాళ్ళనే అడిగాం మేడమ్.”

“నన్నెవరూ అడగలేదు.”

“మిమ్మల్నెందుకు అడుగుతాం? కూతురు ఉండగా చెల్లెల్ని అడుగుతారా ఎవరైనా? మీ ఇంట్లోనే ఉందిగా, వెళ్ళి కనుక్కోండి.”

మెట్లు ఎలా దిగానో తెలియదు.

కూతురంటే పిట్ట. ఇక్కడే శబ్ద విభాగంలో మూడో ఏడు చదువుతోంది. అక్క పోయాక మా దగ్గరే ఉంటోంది. వాళ్ళ నాన్న ఎప్పుడో వేరే కాపురం చూసుకున్నాడు. సాయంత్రం వచ్చింది, చెప్పులు విడిచింది, ఆకలేస్తోంది పిన్నీ అంది. అడగలేదు. పాపం అలిసిపోయి ఉంది.

జూన్ 13

ఇవాళ కూడా అడగలేదు. దానికి ప్రాక్టికల్స్ ఉన్నాయి.

క్యాంటీన్‌కి వెళ్ళాను. వినడానికి కాదు. రేపు పేపరుకి రాయాలంటే ఆధారాలు ఉండాలి కదా.

జూన్ 15, ఆదివారం

ఈ నెలాఖరుకల్లా స్కూలు చరిత్ర రాసివ్వాలి. స్వర్ణోత్సవ సంచికకి. ఏప్రిల్‌లో ఒప్పుకున్న పని. మానేద్దామనుకున్నాను గానీ మానేస్తే కత్తెరే రాసుకుంటాడు, అందులో పెద్దాయన పేరు ఒక పక్కన ఫోటో కింద పెడతాడు.

పెద్దాయన అంటే స్థాపకుడు. రేడియో ఉద్యోగం మానేసి వచ్చి, యూనివర్సిటీ వాళ్ళు విరిగిన కుర్చీలు పడేసే గోదాము అడిగి తీసుకున్నాడు. గోడలకి పాత పరుపులు కొట్టించి దాన్నే స్టూడియో అన్నాడు. మొదట వాచకం, తర్వాత శబ్దం, ఎప్పటికో ఒక కెమెరా దొరికాక సినిమా, ఆ తర్వాత టీవీ. పగలు పని చేసుకునే వాళ్ళకి సాయంత్రం కోర్సు పెట్టాడు. నర్సులూ బస్సు డ్రైవర్లూ వచ్చి వార్తలు చదవడం నేర్చుకుని వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఆ గదిలో అధ్యాపకుల జిమ్ము ఉంది. నడక యంత్రం మీద కాళ్ళు కదులుతాయి, మనిషి ఉన్నచోటే ఉంటాడు. మా విద్యావిధానానికి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదు.

ఆ రోజుల్లో టేపులకి కరువు. ఇవాళ వార్తలు చదివిన టేపు రేపు చెరిపేసి మళ్ళీ దాని మీదే ఎక్కించేవారు. పాటైనా, ప్రసంగమైనా, మంత్రి మాటలైనా సరే చెరిపెయ్యడమే. ఒక్క సంతాపాన్ని మాత్రం చెరిపేవాళ్ళు కాదు. క్యాంపస్‌లో ఎవరు పోయినా రేడియోలో చదివేవారు, ఆ టేపు తీసి బీరువాలో పెట్టేవారు. చచ్చిపోయిన మనిషి మీద ఇంకొకటి ఎక్కించకూడదు అన్నది పెద్దాయన మాట. టేపులు పోయి కంప్యూటర్లు వచ్చినా అక్క ఆ పద్ధతే పట్టుకుంది. వారం తిరిగేసరికి వార్తలన్నీ తుడిచేసేది, సంతాపాలు దాచేది.

ఇంకొకటి అర ఊపిరి. సంతాపం చదివేటప్పుడు పోయినవారి పేరుకి ముందు అర ఊపిరి ఆగాలి. వినేవాళ్ళు నిలబడి ఉంటారు, కూర్చోవడానికి ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలి అనేవాడట పెద్దాయన. పేరు చెప్పాక గొంతు ఒక మెట్టు దించాలి. వాచకం కోర్సులో చివరి పాఠం ఇదే. నేనూ ఆ కోర్సు చదివినదాన్నే, అక్క దగ్గరే. నాకు అర ఊపిరి పట్టుబడలేదు. నీకు ఆగడం చేతకాదే అనేది అక్క.

ఈ ముక్క బాగా వచ్చింది. సంతృప్తిగా ఉంది. కత్తెరకి పంపేశాను.

జూన్ 17, మంగళవారం

ఇవాళ వీసీ గారు మా స్కూలుకి వచ్చారు. వస్తున్నారని ఉదయం రేడియోలో అక్క చెప్పింది. “మన విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్” అంది. అర ఊపిరి ఆగింది. పేరు చెప్పింది. గొంతు ఒక మెట్టు దించింది. “ఈ ఉదయం” అంది.

సంతాపమనుకుని క్యాంటీన్ మొత్తం లేచి నిలబడింది. యాభయ్యేళ్ళుగా ఈ క్యాంపస్ చెవికి అలవాటైన ఆపు అది. “మన మధ్యకు రానున్నారు” అనేసరికి సగంమంది కళ్ళు తుడుచుకుంటున్నారు. అర్థశాస్త్రం వాళ్ళు క్లాసులు వదిలేశారు. ఎవరో ఇంటికి ఫోన్ చేసి పరామర్శిస్తే, ఆయన స్నానం చేస్తున్నారండీ అన్నారట వాళ్ళావిడ.

అందరూ రోజంతా నవ్వుకున్నారు. యంత్రం వేగం కాస్త సర్దాలి, అంతే అన్నాడు కత్తెర. పిట్ట కూడా ఇంటికొచ్చి అదే చెప్పి పడీ పడీ నవ్వింది.

నేను నవ్వలేదు. వేగం కాదది. నాకు అక్కడే తట్టింది. యంత్రానికి నేర్పడానికి వీళ్ళకి దొరికిన అక్క గొంతు ఏది? అన్నీ తుడిచేసేది కదా. మిగిలినవి సంతాపాలొక్కటే. శుభ్రంగా, వరసగా, బీరువా నిండా. అవి పోసి పెంచారు దాన్ని. ఈ యంత్రానికి మనుషుల పేర్లు తెలుసు గానీ బతికున్న మనుషుల పేర్లు తెలియవు. ఎవరి పేరు ఇచ్చినా చంపే చదువుతుంది.

కత్తెరకి ఇది తెలియదు. ఎడిటింగ్ చెప్పినవాడు! ఒక్క టేపైనా చివరిదాకా విని ఉంటే తెలిసేది.

దొరికాడు. వ్యాసానికి ఇంతకంటే మొన ఎక్కడ దొరుకుతుంది.

జూన్ 18, బుధవారం

పిట్టని అడిగేశాను. వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అడిగాను, ఏదో మామూలు సంగతిలా. నా గొంతు నాకే వేషంలా వినిపించింది.

అవును, సంతకం పెట్టాను అంది. చెబితే నువ్వు మీటింగ్ పెడతావని చెప్పలేదు అంది. ఇవ్వకముందు ఆ రికార్డింగులు విన్నావా అంటే, లేదు, వినలేకపోయాను, కళ్ళు మూసుకుని పెట్టేశాను అంది. నిజమే, దానికి అవేమిటో తెలియదు. అక్క ఇంట్లో రేడియో పెట్టనిచ్చేది కాదు. పిల్ల చెవిన చావు కబుర్లెందుకని.

నేను వాదన ఎత్తుకున్నాను. మీ అమ్మ గొంతుతో మీ అమ్మ కోర్సునే ఎత్తేస్తున్నారన్నాను. అది గిన్నె కింద పెట్టి నా వైపు తిరిగింది.

“నువ్వు అమ్మ మీద పేపర్లో రాసుకున్నావు పిన్నీ. బాబాయి ఫోటో కట్టించాడు. నాకేముంది? ఫోన్లో ఉన్నవి కూడా అన్నీ ‘ఎక్కడున్నావ్, తిన్నావా’ అని రాసినవే. గొంతు లేదు.”

అని ఊరుకుంటే బాగుండేది. శబ్ద విభాగంలో ఆ యంత్రం ముందు ఒక్కతే కూర్చుని, ఒకరోజు తనకి కావలసింది టైపు చేసిందట. పిట్టా, లే, టైమయింది. అంతే. అక్క చదివిందట.

“నన్ను పిలిచే ముందు కొంచెం ఆగింది పిన్నీ. చిన్నప్పుడు నిద్ర లేపడానికి వచ్చి, పాపం ఇంకాసేపు పడుకోనీలే అని ఆగేది చూడు, అలాగ. అది యంత్రానికి ఎవరు నేర్పుతారు? అమ్మ ఎక్కడో ఉండబట్టే కదా.”

నా చేతిలో తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాను.

జూన్ 19

ఆ ఆపు సంతాపాలదని పిట్టకి చెప్పలేదు.

జూన్ 20

చెప్పలేదు. క్యాంటీన్‌కి వెళ్ళాను.

జూన్ 22, ఆదివారం

ఇంటాయనకి చెప్పాను. ఆయన ఏ వాదనలోనూ నా పక్కన ఉండడు, ఎదుటి పక్కనా ఉండడు. కిటికీ పక్కన ఉంటాడు. అంతా విని, “ఊరందరి మొహానా నిజం కొడతావు, ఇంట్లో పిల్ల దగ్గరికి వచ్చేసరికి దాచుకుంటున్నావన్నమాట” అన్నాడు. దెప్పుతున్నాడా, మెచ్చుకుంటున్నాడా తెలియలేదు. ఇంతకాలం కాపురం చేసినా ఆయన విషయంలో అది తెలియదు.

నేను దాచడం లేదు. సమయం చూస్తున్నాను. రెండింటికీ తేడా ఉంది. రాజకీయాల్లో అయితే దీన్ని వ్యూహం అంటారు.

వ్యాసం రాయలేదు. రాస్తే పిట్ట చదువుతుంది.

కత్తెరకి ఫోన్ చేశాను. చరిత్రలో అర ఊపిరి ముక్క తీసెయ్యండి అన్నాను. ఎందుకన్నాడు. నిడివి ఎక్కువైందన్నాను. నా రాతలో ఒక్క కామా ముడితే కోర్టుకి పోతానని బెదిరించే మనిషిని, నా చేత్తో నేనే కోయించాను. “మీరే తగ్గించమంటున్నారా మేడమ్” అని రెండుసార్లు అడిగాడు. సరేనన్నాడు.

ఒడ్డున పడ్డాం.

జూలై 3

పిట్ట తీసిన శబ్ద చిత్రానికి స్వర్ణోత్సవంలో బహుమతి అట. ఎగురుతూ వచ్చి చెప్పింది. బొమ్మ ఉండదు, ఒట్టి శబ్దాలతో చెప్పిన కథ. బట్టలుతికే యంత్రాల గదిలో పనిచేసే ఆడవాళ్ళ మీద తీసింది. గుడ్డల చప్పుడులోంచి మాటలు ఏరింది. నా వాసన కొంచెం ఉందిలే దానిలో.

బహుమతులు అమ్మ గొంతుతో చదివిస్తారట పిన్నీ అంది.

కత్తెరకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. గదికి వెళ్ళాను. మీటింగ్‌లో ఉన్నాడు. మళ్ళీ వెళ్ళాను. ఎవరైనా మనిషితో చదివించండి అని ప్రాధేయపడ్డాను. నా జీవితంలో ఆ గదిలో ప్రాధేయపడటం అదే మొదలు. కారణం అడిగాడు. చెబితే వేదికెక్కి చెబుతాడు. చెప్పకపోతే వినడు. చెప్పలేదు. వినలేదు. వేగం సరిచేయించాం, మీరు కంగారు పడకండి అన్నాడు.

ఇంటికొచ్చి పిట్టకి చెప్పేద్దామని దాని గది తలుపు దాకా వెళ్ళాను. లోపల పాడుకుంటోంది.

జూలై 14, సోమవారం

స్వర్ణోత్సవం. వరసగా రాయాలి.

పెద్ద హాలు. వెనక వరసల దాకా పాత విద్యార్థులు. పిట్టా నేనూ మధ్యలో కూర్చున్నాం. ఇంటాయన కిటికీ పక్కన. దీపాలు తగ్గించారు. వేదిక మీద ఎవరూ లేరు. అక్క గొంతు ఒక్కటే వచ్చింది. స్కూలు చరిత్ర చదువుతోంది. నా చరిత్ర. గోదాము, పరుపులు, సాయంత్రం కోర్సు. పిట్ట నా చెయ్యి పట్టుకుని నొక్కింది, నీ రాత అమ్మ చదువుతోంది అన్నట్టు. ఒప్పుకుంటాను, నాకూ కళ్ళు నిండాయి. ఒక్క నిమిషం నేను కత్తెరని క్షమించాను కూడా.

తర్వాత టేపుల సంగతి వచ్చింది. ఆ తర్వాత అర ఊపిరి.

తియ్యలేదు. సంచికలో తీసేశాడట, నిడివి కోసం. వేదిక మీదికి పాత ప్రతే వాడాడట. అంత మంచి ముక్క వదులుకోబుద్ధి కాలేదని తర్వాత నాతోనే అన్నాడు.

పోయినవారి పేరుకి ముందు అర ఊపిరి ఆగాలి అని మా అక్క చెప్పింది. వినేవాళ్ళు కూర్చోవడానికి ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలి. పేరు చెప్పాక గొంతు ఒక మెట్టు దించాలి. సంతాపాలే దాచాం, తక్కినవన్నీ చెరిపేశాం. ఒక్కొక్క మాటా నాదే, గొంతు ఆవిడది. నా చేతిలో ఉన్న పిట్ట చెయ్యి బిగిసిపోయింది. అది శబ్దం చదువుకున్న పిల్ల. దానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పిట్టని లేపి బయటికి తీసుకుపోదామనుకున్నాను. ఈలోపే బహుమతులు.

శబ్ద చిత్రం విభాగంలో మొదటి బహుమతి అంది మా అక్క. అర ఊపిరి ఆగింది. తను పెట్టిన పేరే, కన్నకూతురి పూర్తి పేరు చెప్పింది. గొంతు ఒక మెట్టు దించింది.

జనం చప్పట్లు కొట్టారు. పాతవాళ్ళు కొందరు కొట్టలేదు, లేచి నిలబడ్డారు, అలవాటుకొద్దీ. పిట్ట వేదిక వైపు వెళ్ళలేదు. బయటికి వెళ్ళింది.

వెనక ద్వారం మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. నా వైపు చూడకుండానే అడిగింది.

“నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“వీసీ గారు వచ్చిన రోజు నుంచి.”

“మరి నేను ఆ నిద్ర లేపే సంగతి చెప్పినప్పుడు గ్లాసు తుడుస్తూ నిలబడ్డావు.” ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. “నువ్వు ఎవరి దగ్గరా నోరు మూసుకోవు కదా పిన్నీ. నా దగ్గరే ఎందుకు మూసుకున్నావు?”



జూలై 15

పిట్ట తలుపు తియ్యలేదు. అన్నం ఇంటాయన పెట్టాడు.

క్యాంటీన్‌కి వెళ్ళలేదు.

జూలై 17, గురువారం

ఉదయం పిట్ట తనే బయటికి వచ్చింది. పద పిన్నీ అంది. ఇద్దరం కత్తెర దగ్గరికి వెళ్ళాం. మాట్లాడొద్దని దారిలోనే నాకు చెప్పింది. మాట్లాడలేదు. నాలుక కొరుక్కుని కూర్చున్నాను.

నా సంతకం వెనక్కి తీసుకుంటాను అంది. కుదరదమ్మా అన్నాడు కత్తెర. కంపెనీతో ఒప్పందం అయిపోయింది, గొంతు ఇప్పుడు స్కూలు ఆస్తి. పైగా అందరికీ నచ్చింది. కావాలంటే ఆ ఆపు తీయించేద్దాం, సంతోషంగా చదివేలా చేయిద్దాం అన్నాడు. మా అక్క గొంతులో సంతోషం కంపెనీ వాళ్ళు పెడతారట.

పిట్ట లేచి నిలబడింది. “అది ఒక్కటే సార్ అందులో అమ్మది. ఆ ఆపు ఒక్కటే. అది కూడా తీసేస్తారా?”

కత్తెరకి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు, నటించడం లేదు. నాకు అన్నిటికంటే భయమేసింది అక్కడే.

ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. స్కూలుని మనం అడగాల్సినవి నేను చెబుతాను, నువ్వు రాయి అంది. నేను విశేషణాలు పెట్టబోతే కొట్టేయించింది. రెండు చోట్ల పోట్లాడుకున్నాం. ఆఖరిది వద్దన్నాను, బలహీనంగా ఉంటుందన్నాను, వినలేదు. రేపు శబ్ద విభాగం పిల్లలూ వాచకం పాత విద్యార్థులూ కూడా దీని మీద సంతకాలు చేస్తారు. ఇవన్నీ ఒప్పుకునేదాకా రికార్డింగ్ గదిలోంచి ఎవరూ కదలరు. ఇక్కడ ఒక ప్రతి రాసిపెట్టుకుంటున్నాను.

1. ఆ గొంతు వాడటం ఆపాలి. సాంకేతిక కారణాలని చెప్పకూడదు. ఎందుకు ఆపారో రేడియోలో బతికున్న మనిషి చదవాలి.

2. దాన్ని సరిచెయ్యకూడదు. సంతోషంగా మార్చకూడదు. ఇంకెవరికీ ఇవ్వకూడదు.

3. వాచకం కోర్సులో ఈ ఏడు విద్యార్థుల్ని చేర్చుకోవాలి. పాఠం చెప్పడానికి ఒక మనిషిని వెయ్యాలి. కాంట్రాక్టు మీద కాదు.

4. ఈ స్కూల్లో చదివిన, పనిచేసిన ఎవరి గొంతైనా వాళ్ళని అడిగే తీసుకోవాలి. ఇచ్చినవాళ్ళు వెనక్కి అడిగితే ఇచ్చెయ్యాలి. చనిపోయినవాళ్ళని అడగడం కుదరదు కాబట్టి తీసుకోకూడదు.

5. బీరువాలోని టేపులు బీరువాలోనే ఉండాలి.

6. శబ్ద చిత్రం బహుమతి మళ్ళీ చదవాలి. ఎవరైనా సరే, మామూలుగా, ఆగకుండా చదవాలి.

7. ఆ గొంతు ఏ రోజు ఆపుతారో మా ఇద్దరికీ ఒక రోజు ముందు చెప్పాలి.